ఎండిన పెంట, ఎగిరే దుమ్ము

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల పాలకవర్గ సభ్యులకు, మహిళా సభ్యులకు జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మమ్ములను ఇటువంటి తరగతులకు పిలిస్తే సాధారణంగా లెక్కల పుస్తకాల గురించి చెప్పమంటారు. నగదు చిట్టా ఏ రోజుకారోజు ముగించాలని, పాల కొనుగోలు రిజిస్టరులో కొట్టివేతలు ఉండరాదని మేము చెప్పడము, మీరు తల ఊపడము, మళ్ళీ ఆడిట్‌లో అవే లోపాలు కనబడడము ఏటా జరుగుతున్నదే. ఈసారి నిర్వాహకులను అడిగి విషయం మార్చుకున్నాము. ఈవేళ చెప్పబోయేది దుమ్ము గురించి. గొడ్లపాకలో ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము, పెంటకుప్ప తవ్వి బండికెత్తేటప్పుడు లేచే దుమ్ము, బూజు పట్టిన గడ్డి విదిలిస్తే లేచే దుమ్ము.

మేము పశువైద్యులం కాము, మనుషుల డాక్టర్లమూ కాము. సహకారంలో డిప్లొమా చేసి ముప్పై ఏళ్ళుగా సంఘాల పుస్తకాలు తనిఖీ చేస్తున్నవారము. మరి ఈ సంగతి మీకెందుకు అంటారేమో. ఈ సంగతి మాకు పుస్తకాల్లోనే దొరికింది. అదెలాగో ముందు చెప్పి, తరువాత మిగతా విషయానికి వస్తాము.

కొన్నేళ్ళ క్రితం ఒక సంఘం తనిఖీకి వెళ్ళాము. ఊరి పేరు అవసరం లేదు. దాణా అరువు ఖాతా చూస్తే, ఒకే వీధిలోని ఐదారు ఇళ్ళవారు చూడి గేదెలకని దాణా బస్తాలు తీసుకున్నారు. సంక్రాంతి నాటికి ఈనవలసిన గేదెలు. పాల కొనుగోలు రిజిస్టరు తిరగేస్తే మాఘమాసం వచ్చినా ఆ ఇళ్ళ నుంచి పాలు పెరిగింది లేదు. ఇద్దరి పేర్ల ఎదుట అసలు అంకెలే లేవు. మా బుర్రకు ఒకటే తోచింది. అరువుకు దాణా మన దగ్గర తిని, పాలు బయటి వ్యాపారికి పోస్తున్నారని. బైలా ప్రకారం అది తప్పు. సంజాయిషీ కోరుతూ మెమో రాసి పంపాము. చాలా కటువుగానే రాశాము.

మరునెల వెళ్ళినప్పుడు సంఘం అధ్యక్షుడు మమ్ములను పక్కకు పిలిచి, "సారూ, ఆ గేదెలు ఈనలేదండీ. ఏడో నెలలో, ఎనిమిదో నెలలో వరసగా ఈసుకుపోయాయి. చెబితే పశువు ధర పడిపోతుందని, పాలు తీసుకోరని ఎవరూ నోరు విప్పలేదు" అన్నాడు. ఈసుకుపోయిన దూడలను, మాయలను ఏం చేశారయ్యా అంటే, వీధి చివర పెంటకుప్పలో కప్పేశారట. వేసవిలో ఆ పెంట తవ్వి పొలాలకు తోలారు. కుప్పకు ఎదురుగానే పాలు పరీక్షించే కుర్రవాడి ఇల్లు. అతనికి, వాళ్ళ నాయనమ్మకు, పెంట ఎత్తిన మరొక ఆడమనిషికి కొద్ది వారాల తేడాలో జ్వరాలు వచ్చాయి. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రంతా చెమటలు, నడుము, కీళ్ళు విరిచేసే నొప్పులు. టైఫాయిడ్ అని ఒకసారి, మలేరియా అని ఒకసారి మందులు వాడారు. మూడో నెలలో పట్నంలో ఒక డాక్టరమ్మ "మీ ఇంట్లో పశువులున్నాయా?" అని ఒక్క ప్రశ్న అడిగింది. రక్తపరీక్ష చేయిస్తే బ్రూసెల్లా అని తేలింది. మనం ఈసుడు రోగం అంటామే, అదే. గేదెకు వచ్చినదే మనిషికీ వచ్చింది.

ఆ ముగ్గురికీ అది దుమ్ము పీల్చడం వల్లనే వచ్చిందని మేము ప్రమాణం చేయలేము. చేతిమీద గీరు ఉండి అందులోంచి వెళ్ళి ఉండవచ్చు. పచ్చిపాలు తాగి ఉండవచ్చు. ఆ నాయనమ్మ మాత్రం మంచం దిగి గేదె దగ్గరకు వెళ్ళి ఏళ్ళయిందట. ఆరు వారాలపాటు రెండు రకాల మందులు మింగి ముగ్గురూ తేరుకున్నారు. కుర్రవాడి కూలి రోజులు పోయాయి, డాక్టర్లకు పెట్టిన డబ్బు పోయింది. మా మెమో మాత్రం ఫైలులో ఉన్నది. ఆ తరువాత దాని కింద "విచారించి ముగించడమైనది" అని రాసి సంతకం చేశాము. అంతకంటె ఏమి రాయగలము?

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదివాము. పశువైద్యులను కనబడ్డచోటల్లా అడిగాము. మాకు అర్థమైనంతవరకు చెబుతాము.

పశువు ఈనినప్పుడు గాని, ఈసుకుపోయినప్పుడు గాని నేల మీద పడే మాయలో, ఉమ్మనీటిలో, రోగమున్న పశువైతే, క్రిములు లెక్కకు అందనన్ని ఉంటాయి. అవి నేలలో, పెంటలో, గడ్డిలో ఇంకుతాయి. తడిగా ఉన్నంతసేపు నేలను అంటుకొని ఉంటాయి. ఎండాక అదే మట్టి, అదే పెంట పొడి అవుతుంది. చీపురు పెట్టినా, పార వేసినా, పశువు కాలితో దువ్వినా, గాలి విసిరినా ఆ పొడి పైకి లేస్తుంది. కంటికి కనబడే దుమ్ము ముక్కులోనే చాలావరకు ఆగిపోతుంది. కంటికి కనబడని సన్నపొడి ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. దాన్ని పట్టుకొనే క్రిమి కూడా వెంట పోతుంది. బ్రూసెల్లా క్రిమి ఎండకు తట్టుకోలేదు. కాని కుప్ప లోపలి చెమ్మలో, నీడలో నెలల తరబడి బతుకుతుంది. మనం కుప్పను ఎండాకాలంలో తవ్వుతాము గదా.

ఇంకొక జ్వరమున్నది. దానికి కూడా పశువులే మూలం. అది ఎండకూ జంకదు. 1935 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో కబేళా పనివారికి అంతుపట్టని జ్వరాలు వచ్చాయి. డెరిక్ అనే డాక్టరు వాటిని పరిశీలించి 1937లో ప్రకటించాడు. కారణం తెలియలేదు గనుక ప్రశ్న అనే అర్థంలో క్యూ జ్వరం అని పేరు పెట్టాడు. ప్రశ్నకు జవాబు దొరికాక కూడా ఆ పేరే నిలిచిపోయింది. మన ఆఫీసుల్లో తాత్కాలిక ఫైలు పేరు ఇరవై ఏళ్ళు నడిచినట్లు. క్రిమి పేరు కాక్సియెల్లా బర్నెటీ. గొర్రెలు, మేకలు, ఆవులు, గేదెలు అన్నిటిలో ఉండగలదు. పశువుకు పెద్దగా జబ్బు కనబడకపోవచ్చు. మేకలు, గొర్రెలు మాత్రం చూడి నిలుపుకోలేక ఈసుకుపోతాయి. రోగమున్న మేక మాయ ఒక్క గ్రాములో నూరు కోట్ల క్రిములుండవచ్చునని పరిశోధకులు లెక్క కట్టారు. మనిషికి జబ్బు రావడానికి పది లోపు చాలునట. ఇది మట్టిలో, దుమ్ములో నెలలు గడిచినా చావదు. సాధారణ క్రిమిసంహారక మందులు చాలావాటికి లొంగదు.

ఈ జ్వరం సంగతి హాలెండు దేశస్థులకు బాగా తెలిసివచ్చింది. మన డెయిరీ వాళ్ళు మాటకు ముందు డెన్మార్కు అంటారు, హాలెండు అంటారు. పాడికి పేరుపడ్డ దేశాలు, నిజమే. ఆ హాలెండులో, అంటే నెదర్లాండ్స్‌లో, దక్షిణాన నార్త్ బ్రబాంట్ అనే ప్రాంతంలో పాల కోసం మేకలను పెద్ద పెద్ద కొట్టాలలో వందల సంఖ్యలో పెంచుతారు. 2005 నుంచి కొన్ని కొట్టాలలో మేకలు గుంపులుగా ఈసుకుపోవడం మొదలైంది. 2007లో హెర్పెన్ అనే గ్రామంలో ఊరి డాక్టరు దగ్గరకు నిమోనియా రోగులు వరసగా రాసాగారు. ఆ ఏడు వంద దాటిన రోగులు, 2009 ఒక్క ఏడాదిలో రెండువేలు దాటారు. 2010 వరకు మొత్తం మీద నాలుగువేల పైచిలుకు మందికి జబ్బు నమోదైంది. వారిలో చాలామంది మేకను ముట్టినవారు కారు. కొట్టాలకు కొద్ది కిలోమీటర్ల దూరంలో నివసించేవారు, అంతే. పొడి వాతావరణంలో గాలి దుమ్మును మోసుకుపోయింది. ప్రభుత్వం మేకలకు టీకాలు వేయించింది, పెంట తీయడం మీద నిబంధనలు పెట్టింది. చివరకు 2009 డిసెంబరులో రోగమున్న కొట్టాలలోని చూడి మేకలను చంపివేయమని ఆదేశించింది. యాభైవేలకు పైగా మేకలను చంపారు. చూడి మేక గదా అది, రైతు ప్రాణం ఎంత ఉసూరుమని ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు.

మన దేశంలోనూ పశువుల్లో, మేకల్లో, మనుషుల్లో ఈ క్రిమి జాడలను పరిశోధకులు కనుగొన్నారు. వచ్చినవారిలో సగంమందికి ఏమీ తెలియకుండానే పోతుంది. మిగిలినవారికి రెండు మూడు వారాల తరువాత తీవ్రమైన తలనొప్పి, జ్వరం, పొడిదగ్గు. కొందరికి నిమోనియా. గుండె కవాటాల జబ్బు ఉన్నవారికి మాత్రం ఇది గుండెను పట్టుకొని ఏళ్ళ తరబడి వేధించవచ్చు. గర్భిణీ స్త్రీలకు గర్భస్రావం కావచ్చు. అందుచేత మా మొదటి మనవి అత్తగార్లకు. కోడలు నీళ్ళోసుకున్నదని తెలిసిన రోజు నుంచి ఆమె చేతికి గొడ్లపాక చీపురు ఇవ్వకండి. పశువు ఈనేచోటికి, పెంటకుప్ప దగ్గరకు రానివ్వకండి. బరువులు ఎత్తనివ్వరు, చీకట్లో బయటకు పోనివ్వరు, అన్ని జాగ్రత్తలూ తీసుకుంటారు. పాక ఊడ్చడం తేలిక పని అని అదొక్కటీ ఆమెకే వదులుతారు.

పాలవాళ్ళం గనుక మధ్యలో ఒక ముక్క. మన పాలు డెయిరీలో 72 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర 15 సెకన్లు కాగుతాయని, పాత పద్ధతిలో అయితే 63 డిగ్రీల దగ్గర అరగంట అని కార్యదర్శులు శిక్షణలో చదివే ఉంటారు. అరగంట పద్ధతికి ఆ అంకె రావడానికి ఈ క్యూ జ్వరం క్రిమే కారణం. అంతకు ముందు అమెరికాలో 61.7 డిగ్రీలుండేది. ఆ వేడికి ఈ క్రిమి పూర్తిగా చావడం లేదని తేలి 1956లో 62.8కి పెంచారు. అంటే పాలు పద్ధతిగా కాగితే భయం లేదు. ఇంట్లో పొంగు వచ్చేదాకా కాచినా సరిపోతుంది. పాలను కాచి తాగగలము. గాలిని కాచి పీల్చలేము గదా, అదే ఇబ్బంది.

దొమ్మ రోగం గురించి కూడా చెప్పాలి. ఆంత్రాక్స్ అంటారు. రాయలసీమ జిల్లాలవారికి, విశాఖ మన్యంవారికి ఇది కొత్త కాదు. దొమ్మతో చచ్చిన పశువు నెత్తురు గాలికి తగిలితే ఆ క్రిమి తన చుట్టూ గట్టి పెంకు కట్టుకొని గింజలా అయిపోతుంది. 1876లో కాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనిని చూపించాడు. పూడ్చిన చోట నుంచి వానపాములు ఆ గింజలను పైకి తెస్తున్నాయని ఫ్రాన్సులో పాశ్చర్ చెప్పాడు. ఎన్నాళ్ళుంటాయంటే, స్కాట్లండు పక్కన గ్రూనార్డ్ అనే చిన్న దీవి మీద 1942లో బ్రిటిష్ సైన్యం యుద్ధప్రయోగంగా గొర్రెల మధ్య ఈ గింజలను పేల్చింది. ఆ దీవి మీద మనుషులు కాలు పెట్టకూడదన్నారు. 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్‌ను సముద్రపు నీటిలో కలిపి నేలంతా తడిపారు. 1990లో గాని భయం లేదని ప్రకటించలేదు. 48 ఏళ్ళు!

అయితే ఉన్న మాట చెప్పాలి. పొలంలో మట్టి పీల్చినంత మాత్రాన దొమ్మ ఊపిరితిత్తులకు రావడం చాలా అరుదు. రైతుకు సాధారణంగా వచ్చేది చర్మం మీద నల్లని పుండు, చచ్చిన పశువును కోయడం వల్ల, తోలు తీయడం వల్ల. పీల్చడం వల్ల వచ్చినది పూర్వం ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో ఉన్ని వేరుచేసే కార్మికులకు. మూసిన గదుల్లో ఉన్ని దుమ్ము మధ్య పనిచేసేవారు. దానికి ఉన్ని వేరుచేసేవారి జబ్బు అనే పేరే పడింది. కాబట్టి మీరు ఇంటికి పోయి ప్రతి మట్టిబెడ్డకూ భయపడవద్దు. కాని ఉన్నట్టుండి పడి చచ్చి, ముక్కునుంచి, వెనుకనుంచి నల్లటి నెత్తురు కారిన పశువును కోయవద్దు, తోలు తీయనివ్వవద్దు, ఈడ్చుకుపోవద్దు. పశువైద్యునికి కబురు చేసి ఆయన చెప్పినట్లు లోతుగా పూడ్చండి, లేదా కాల్చండి. తోలుకు వచ్చే నాలుగు రూకలకు ఆశపడితే ఆ నేల మీ మనవల నాటికి కూడా శుభ్రపడకపోవచ్చు.

బూజు గడ్డి సంగతి క్లుప్తంగా. తుపానుకు తడిసిన వరిగడ్డిని వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. దాన్ని విదిలిస్తే లేచే పొడి పీల్చిన నాలుగైదు గంటలకు చలి, జ్వరం, దగ్గు, ఆయాసం వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది గనుక పడిశం అనుకుంటారు. ఏటా అలాగే పీలుస్తూపోతే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఇది అంటువ్యాధి కాదు, బూజుపొడి పడకపోవడం. గడ్డి ఎండాకనే వామి వేయండి. బూజు పట్టినదాన్ని పశువుకూ వేయవద్దు. దులపవలసి వస్తే ముందు నీళ్ళు చల్లండి.

నీళ్ళు అన్నాము గనుక అసలు ఉపాయం చెబుతాము. దానికి డబ్బు ఖర్చు లేదు. మన ఇళ్ళలో వాకిలి ముందు ఊడ్చి, ఆ తరువాత కల్లాపి చల్లుతారు. గొడ్లపాక దగ్గర మాత్రం ఆ వరస తిరగవేయండి. ముందు నీళ్ళు చల్లి, నేల తడిశాక ఊడ్చండి. తడిసిన మట్టి లేవదు. పెంటకుప్ప తవ్వేటప్పుడు కూడా అంతే. గాలిలేని పొద్దున పూట, బిందెలతో పైన తడుపుకుంటూ తవ్వండి. గాలికి ఎదురుగా నిలబడవద్దు. బండిమీద పెంటకు తడిపిన గోనె కప్పండి. ముక్కుకు తువ్వాలో పైటచెంగో కట్టుకుంటే కొంత నయమే గాని సన్నపొడిని అది ఆపలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ముఖానికి బిగువుగా పట్టే మంచి మాస్కులు ఎలాగుంటాయో ఊరూరా చూశాము. ఆ రకం మాస్కు ఈ పనికి సరైనది. చాలా ఇళ్ళలో ఇంకా అటక మీద ఉన్నాయి.

ఇక మాయ. కొన్ని ఊళ్ళలో గేదె ఈనాక మాయను గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకు వేలాడగట్టే ఆచారం ఉన్నది. పాలు బాగా పడతాయని పెద్దల నమ్మకం. మేము నమ్మకాల జోలికి పోము. కాని ఆ చెట్టు కిందే పిల్లలు ఆడుకుంటారు. ఎండి రాలినది ఎక్కడ పడుతుంది? కుక్కలు ఈడ్చుకుపోయి ఏ గుమ్మం ముందు పడేస్తాయి? మాయను, ఈసుకుపోయిన పిండాన్ని చేతికి తొడుగు వేసుకొని తీసి, బావికి దూరంగా లోతైన గోతిలో పూడ్చండి. తొడుగు లేకపోతే కనీసం మంచి పాలిథీన్ సంచి. పశువు పడుకొన్న చోటి గడ్డి కూడా అందులోనే వేయండి. ఈసుకుపోయిన పశువును మిగతావాటి నుంచి వేరుగా కట్టి పశువైద్యునికి చెప్పండి. రక్తపరీక్ష చేస్తారు. ఆడ పెయ్యలకు నాలుగు నెలలు నిండాక, ఎనిమిదో నెల దాటకముందు ఈసుడు రోగం టీకా ఒక్కసారి వేయిస్తే చాలు. 2019 నుంచి కేంద్ర ప్రభుత్వం గాలికుంటుతోబాటు ఈ టీకాను కూడా దేశవ్యాప్త పథకంలో చేర్చింది. మగదూడలకు, చూడి పశువులకు ఇది వేయరాదు. అది బతికున్న క్రిమితో చేసిన టీకా. సూది మనిషికి గుచ్చుకుంటే మనిషికీ జబ్బు రావచ్చు. కనుక దూడను గట్టిగా పట్టుకోండి, టీకా వేసే కుర్రవాణ్ణి తొందరపెట్టకండి.

జ్వరం వారం దాటితే డాక్టరు అడిగినా అడగకపోయినా మీరే చెప్పండి, మాకు పాడి ఉన్నది, ఫలానా నెలలో మా గేదె ఈసుకుపోయింది అని. మా సంగతిలో మూడు నెలలు వృథా అయినది ఆ ఒక్క ముక్క ఎవరూ చెప్పనందుకే.

పాలకవర్గాల వారికి కూడా ఒక మాట. సభ్యుడు దాచడానికి కారణం భయం. చెప్పినవాడి పాలు మానేస్తే, సభలో వాని పేరు ఎత్తితే రెండోవాడు చెప్పడు. సంతకు తోలి ఇంకో ఊరివాని నెత్తిన పెడతాడు. ఆ ఊరూ మన సమాఖ్యలోదే. ఈసుకుపోయిన పశువు సంగతి చెప్పిన సభ్యునికి, పరీక్ష ఫలితం వచ్చేదాకా దాణా అరువు వాయిదా వేయడానికి మీకు అధికారమున్నది. తీర్మానం చేయండి, ఆడిట్‌లో మేము అభ్యంతరం పెట్టము. గోతికి, తొడుగులకు, మాస్కులకు, బ్లీచింగు పొడికి మీ బైలాలు అనుమతించినంత మేరకు ఉమ్మడి శ్రేయోనిధి నుంచి ఖర్చు చేయవచ్చు. రసీదులు మాత్రం ఉంచండి. తొడుగుల డబ్బా తాళం కార్యదర్శి ఇంట్లో పెట్టకండి. పశువు అర్ధరాత్రి ఈనుతుంది. పాల కేంద్రంలో అందరికీ అందేచోట ఉంచండి.

మేము మెమో ఇచ్చిన ఆ సంఘంవారు నిరుడు మహాజన సభలో ఇలాంటి తీర్మానమే చేశారు. ఊరి వెలుపల సెంటున్నర స్థలంలో గొయ్యి తవ్వించి కంచె వేశారు. తొడుగుల లెక్క ఆ పాలు పరీక్షించే కుర్రవాడే రాస్తున్నాడు. ఆ తీర్మానం నకలు పాతిక తెచ్చాము. గోతికి స్థలం చూపగల సంఘాల కార్యదర్శులు భోజనాల తరువాత మా దగ్గర తీసుకోవచ్చు. చాలకపోతే పేరు రాసి ఇవ్వండి, తపాలాలో పంపుతాము.